కాన్సుల్ నుంచి సిందకో దాకా: ఇటలీ నగరాల ఎన్నికల చరిత్ర

ఇటలీలో స్థానిక పాలనకు పునాది కొమూనె. లక్షల జనాభా ఉన్న రోమ్, మిలాన్ మొదలుకొని ఆల్ప్స్ కొండల్లో వందమంది కూడా లేని పల్లెల దాకా చట్టం దృష్టిలో అన్నీ కొమూనెలే. దేశమంతటా ఇవి దాదాపు 7,900 ఉన్నాయి. ప్రతి కొమూనెకూ సిందకో అనే మేయర్, ఒక కౌన్సిల్, మేయర్ ఎంపిక చేసుకునే జుంతా అనే కార్యవర్గం ఉంటాయి. ఐదేళ్లకోసారి ఓటర్లు మేయర్‌నూ కౌన్సిల్‌నూ ఒకే బ్యాలెట్ మీద నేరుగా ఎన్నుకుంటారు. ఈ ప్రత్యక్ష ఎన్నిక వచ్చింది 1993లోనే. అంతకుముందు తొమ్మిది వందల ఏళ్లలో రెండు తగవులు ఇటలీ నగరాలను వదలలేదు. నగర పెద్దను నిలిపే హక్కు నగరానిదా, పైనున్న ప్రభువుదా అన్నది ఒకటి. ఆ హక్కు నగరానిదే అయితే ఒక్క మనిషి చేతికి ఎంత అధికారం ఇవ్వాలన్నది రెండోది. ఎన్నికల పద్ధతులు మారిన ప్రతిసారీ ఈ రెండింటిలో ఏదో ఒకటి తెగినట్టే తెగి మళ్లీ మొదటికి వచ్చింది.

కాన్సుల్‌లు, పొదెస్తాలు

పదకొండో శతాబ్దం చివర్లో ఉత్తర, మధ్య ఇటలీ నగరాలు బిషప్పుల, చక్రవర్తి ప్రతినిధుల అదుపులోంచి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వర్తకులు, చిన్న జమీందార్లు, న్యాయవేత్తలు ఒకరికొకరు ప్రమాణం చేసుకుని ఏర్పరచుకున్న సంఘాలే తొలి కొమూనెలు. వీటి పెద్దలకు పాత రోమన్ గణతంత్రం నాటి కాన్సుల్ అనే పేరు పెట్టుకున్నారు. పీసాలో 1080లలో, మిలాన్‌లో 1097లో, జెనోవాలో 1099లో కాన్సుల్‌ల ప్రస్తావన కనిపిస్తుంది. వీళ్లు ఒక్కరు కాదు, పలువురు. పదవీకాలం సాధారణంగా ఏడాది. ఎంపిక పేరున్న కొద్ది కుటుంబాల నడుమే జరిగేది గానీ, పదవి వారసత్వంగా రాదన్నదీ గడువు తీరగానే దిగిపోవాలన్నదీ ఆనాటి యూరప్‌లో కొత్త మాటలు.

ఈ స్వేచ్ఛ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాకు కంటగింపైంది. 1158లో రొంకాలియా సభలో నగరాధికారులను నియమించే హక్కు తనదేనని ప్రకటించి, నగరాలకు తన మనుషులను పంపాడు. ఎదురుతిరిగిన మిలాన్‌ను 1162లో నేలమట్టం చేయించాడు. 1167లో లొంబార్డ్ కూటమిగా ఏకమైన నగరాలు 1176లో లెన్యానో దగ్గర అతని సైన్యాన్ని ఓడించాయి. 1183 నాటి కాన్‌స్టాన్స్ ఒప్పందంలో తమ కాన్సుల్‌లను తామే ఎన్నుకునే హక్కు నగరాలకు దక్కింది. మొదటి తగవులో గెలుపు అప్పటికి నగరాలదే.

బయటి శత్రువు తొలగాక లోపలి కక్షలు పైకి వచ్చాయి. కాన్సుల్ పదవుల కోసం వంశాలు వీధుల్లో కత్తులు దూసుకునేవి. ఎత్తయిన రాతి బురుజులు కట్టుకుని ఒకరి మీద ఒకరు రాళ్లు, బాణాలు వేసుకునేవి. దీనికి నగరాలు కనిపెట్టిన మందు పొదెస్తా. అతను తప్పనిసరిగా వేరే ఊరివాడై ఉండాలి. జీతానికి వచ్చి, ఏడాదో ఆరు నెలలో పాలించి వెళ్లిపోవాలి. తన న్యాయాధికారులనూ నోటరీలనూ భటులనూ వెంట తెచ్చుకోవాలి. స్థానికులతో విందులు చేయకూడదనీ, వియ్యమందకూడదనీ చాలా నగరాలు షరతులు పెట్టాయి. పదవీకాలం ముగిశాక కొన్ని రోజులు ఊళ్లోనే ఉండి, తన మీద వచ్చే ఫిర్యాదులకు జవాబు చెప్పుకోవాలి. తప్పు తేలితే జీతంలో కోత పడేది. పదమూడో శతాబ్దంలో ఇదొక వృత్తిగా మారి, కొందరు ఒక నగరం నుంచి ఇంకో నగరానికి తిరుగుతూ జీవితమంతా పొదెస్తాలుగానే గడిపారు.

చీటీల సంచులు, ఓట్ల మలుపులు

పొదెస్తా న్యాయం చూసేవాడు గానీ, నగరం ఏ దారిన నడవాలన్నది అతను తేల్చే విషయం కాదు. ఆ అధికారం కోసం పోటీ సాగుతూనే ఉంది. ఫ్లోరెన్స్‌లో 1282 నుంచి వృత్తి సంఘాల ప్రతినిధులైన ప్రియర్లు పాలన చేపట్టారు. వాళ్ల పదవీకాలం రెండే నెలలు. 1293 నాటి న్యాయ శాసనాలు పెద్ద కులీన వంశాలను ఈ పదవికి అనర్హులను చేశాయి. 1328 నుంచి ఎంపికలో చీటీ పద్ధతి స్థిరపడింది. ముందుగా ఒక సంఘం పౌరుల పేర్లను ఒక్కొక్కటిగా పరిశీలించి రహస్యంగా ఓటు వేసేది. నెగ్గిన పేర్లను చీటీలపై రాసి తోలు సంచుల్లో భద్రపరిచేవారు. రెండు నెలలకోసారి సంచిలోంచి తీసిన పేర్లే కొత్త ప్రభుత్వం. పన్ను బకాయి ఉన్నవాడి పేరు వస్తే పక్కన పెట్టేసేవారు. బంధువు ఈమధ్యే పదవిలో ఉన్నా, తానే ఈమధ్య దిగిపోయినా అంతే.

ఒక్క మనిషీ ఒక్క కుటుంబమూ పాతుకుపోకుండా ఇంత కట్టుదిట్టం చేసిన ఫ్లోరెన్స్‌ను మెడిచీ కుటుంబం ఒక్క నియమాన్నీ బహిరంగంగా రద్దు చేయకుండానే గుప్పిట్లోకి తెచ్చుకుంది. 1434 తర్వాత కొసిమో మెడిచీ వర్గం పట్టు సాధించింది సంచుల్లో చీటీలు వేసే అధికారుల మీద. ఏ పేర్లు సంచిలో పడాలో వాళ్లే తేల్చినప్పుడు ఎవరి పేరు బయటికొచ్చినా ఒకటే. 1494లో మెడిచీలను వెళ్లగొట్టాక వెనిస్ నమూనాలో ఒక మహా మండలి ఏర్పడింది. 1502లో పియెరో సొదెరీనిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1512లో మెడిచీలు తిరిగొచ్చారు. 1532లో ఫ్లోరెన్స్ డచీగా మారింది. ఎన్నికల ముచ్చట అక్కడితో సరి.

వెనిస్ దారి వేరు. అక్కడ నగరాధిపతి అయిన డోజే జీవితకాలం పదవిలో ఉండేవాడు కాబట్టి జాగ్రత్త అంతా ఎంపికలోనే పెట్టారు. 1268లో స్థిరపడిన పద్ధతిలో చీటీ, ఓటు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. మహా మండలి నుంచి చీటీ ద్వారా 30 మందిని తీసి, మళ్లీ చీటీతో 9 మందికి తగ్గించేవారు. ఆ 9 మంది 40 మందిని ఎన్నుకునేవారు. చీటీతో ఆ 40 మంది 12కు తగ్గేవారు. ఈ 12 మంది 25 మందిని ఎన్నుకుంటే, చీటీ వాళ్లను 9కి తగ్గించేది. ఆ 9 మంది 45 మందిని ఎన్నుకుంటే, చీటీ తర్వాత 11 మంది మిగిలేవారు. ఆ 11 మంది ఎన్నుకున్న 41 మంది కూర్చుని డోజేను ఎన్నుకునేవారు. గెలవాలంటే కనీసం 25 ఓట్లు రావాలి. ఇన్ని మలుపులున్న దారిలో ముందే లంచమిచ్చి ఓట్లు కొనడం ఎవరివల్లా అయ్యేది కాదు. కాకపోతే ఈ తతంగమంతా కొద్దిమంది కులీనులదే. 1297 నాటి చట్టంతో మహా మండలి సభ్యత్వం కొన్ని వంశాల సొత్తుగా మిగిలిపోయింది. 1797లో నెపోలియన్ గణతంత్రాన్ని రద్దు చేసేదాకా డోజే ఎన్నిక ఇలాగే సాగింది.

మిగతా చోట్ల ఎన్నికలు అంతకాలం నిలవలేదు. ఫెర్రారాలో ఎస్తే, మిలాన్‌లో విస్కోంతి, వెరోనాలో దెల్లా స్కాలా వంశాలు పదమూడో శతాబ్దంలోనే నగరాలను సొంతం చేసుకున్నాయి. కక్షలతో విసిగిన పౌరులే చాలాచోట్ల ఒక్కడికి సర్వాధికారం కట్టబెట్టారు. తర్వాతి శతాబ్దాల్లో కౌన్సిళ్లు పేరుకు ఉన్నా, వాటి సీట్లు కొన్ని కుటుంబాలకే పరిమితమయ్యాయి.

రాజు నియమించిన మేయర్

నెపోలియన్ పాలన ఫ్రెంచి పద్ధతిని తెచ్చింది. ప్రతి కొమూనెకూ పైనుంచి నియమితుడైన మేయర్, అతని మీద ప్రిఫెక్ట్ అనే ప్రభుత్వ ప్రతినిధి. ఈ చట్రాన్ని, తర్వాత ఇటలీని ఏకం చేసిన పియెమొంతె రాజ్యం నిలుపుకుంది. 1848, 1859 చట్టాల మీదుగా అదే ఏకమైన ఇటలీ దాకా వచ్చింది. 1865 మార్చి 20 నాటి చట్టం దేశమంతటికీ ఒకే పురపాలన నియమావళిని విధించింది. 21 ఏళ్లు నిండి, నిర్ణీత పన్ను కట్టే పురుషులే ఓటర్లు. ఆ పన్ను కొమూనె జనాభాను బట్టి 5 నుంచి 25 లీరాల దాకా ఉండేది. కౌన్సిలర్ల పదవీకాలం ఐదేళ్లు. ఏటా ఐదో వంతు మంది మారేవారు. మేయర్‌ను మాత్రం కౌన్సిలర్లలోంచి రాజు మూడేళ్ల కాలానికి నియమించేవాడు. కాన్‌స్టాన్స్‌లో చక్రవర్తి నుంచి నగరాలు గెలుచుకున్న హక్కు ఆరు వందల ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ సింహాసనం చేతికి వెళ్లింది. కొత్తగా అతికిన దేశం, ప్రాంతాల మధ్య పొంతన లేని పరిస్థితులు, పోప్‌తో వైరం - వీటి మధ్య నగరాలను వాటి మానాన వదిలేస్తే రాజ్యం చీలిపోతుందన్న భయం పాలకుల్లో బలంగా ఉండేది.

ఆ భయం తగ్గేకొద్దీ పట్టు సడలింది. ఫ్రాంచెస్కో క్రిస్పీ ప్రభుత్వం 1888 డిసెంబర్‌లో తెచ్చిన చట్టం 10,000కు మించి జనాభా ఉన్న కొమూనెల్లోనూ జిల్లా కేంద్రాల్లోనూ మేయర్‌ను ఎన్నుకునే హక్కును కౌన్సిల్‌కు ఇచ్చింది. చదవడం రాయడం వచ్చి కొద్దిపాటి పన్ను కట్టేవాళ్లకూ ఓటు దక్కింది. 1896లో ఈ హక్కు అన్ని కొమూనెలకూ వర్తించింది. పార్లమెంటు ఎన్నికల్లో పాల్గొనవద్దని పోప్ కాథలిక్కులను ఆదేశించాడు గానీ, పురపాలక ఎన్నికలకు అడ్డు చెప్పలేదు. అందువల్ల కాథలిక్ రాజకీయాలకు తొలి బడి నగర కౌన్సిలే అయింది. సిసిలీలోని కల్తజిరోనెలో లుయిజి స్తుర్జో అనే పూజారి 1905 నుంచి 1920 దాకా పట్టణ పాలన నడిపాడు. మతాధికారి మేయర్ కాకూడదన్న నియమం వల్ల ఆయన హోదా ఉప మేయర్ స్థాయిలోనే ఉండేది. 1919లో ఇటలీ పీపుల్స్ పార్టీని స్థాపించింది ఈ స్తుర్జోయే.

1903లో హోంమంత్రి జోవాన్ని జొలిత్తి చొరవతో నీరు, గ్యాస్, విద్యుత్తు, ట్రాములు వంటి సేవలను నగరాలే నడుపుకోవడానికి చట్టం వచ్చింది. దాంతో నగర ఎన్నికకు కొత్త బరువు వచ్చింది. కౌన్సిల్‌లో ఎవరుంటారన్నదాన్ని బట్టి ట్రాము టికెట్ ధర, వీధి దీపాలు, బడులు మారతాయి. 1907లో రోమ్ మేయరైన ఎర్నెస్తో నాథన్ దీనికి ఉదాహరణ. లండన్‌లో పుట్టిన యూదుడు, ఫ్రీమేసన్, చర్చి పెత్తనానికి వ్యతిరేకి. పోప్ కొలువున్న నగరానికి ఆయన మేయర్ కావడమే ఒక సంచలనం. ఆయన హయాంలో 1909లో కొత్త నగర ప్రణాళిక వచ్చింది. అదే ఏడాది ట్రాములూ విద్యుత్తూ నగరపాలన కిందికి తేవడంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నగర బడులు పెరిగాయి. 1913 చివర్లో ఆయన దిగిపోయాడు.

సోషలిస్టు నగరాలు, నల్లచొక్కాలు

1912 సంస్కరణ దాదాపు పురుషులందరికీ ఓటు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ హక్కు స్థానిక ఎన్నికలకూ విస్తరించింది. దాని ఫలితం 1914లో బయటపడింది. మిలాన్‌లో ఎమీలియో కల్దారా, బొలోన్యాలో ఫ్రాంచెస్కో జనార్ది సోషలిస్టు మేయర్లయ్యారు. మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన కొరతలో నగరం తరఫున రొట్టెల బట్టీలు, సరుకుల దుకాణాలు నడిపించిన జనార్దికి ‘రొట్టె మేయర్’ అన్న పేరు స్థిరపడింది. 1920 శరత్కాలపు ఎన్నికల్లో సోషలిస్టులు రెండు వేలకు మించిన కొమూనెలు గెలిచారు. భూస్వాములకూ వ్యాపారులకూ అది మింగుడుపడలేదు.

1920 నవంబర్ 21న బొలోన్యాలో కొత్త సోషలిస్టు కౌన్సిల్ ప్రమాణస్వీకార సమయంలో నల్లచొక్కాల ఫాసిస్టు దళాలు నగర కార్యాలయమైన అక్కూర్సియో భవనం ముందు చౌకు మీద దాడికి దిగాయి. బయటా సభా మందిరంలోనూ తూటాలు పేలాయి. సుమారు పదిమంది చనిపోయారు. ఆ కౌన్సిల్‌కు పాలించే అవకాశమే దక్కలేదు. ప్రభుత్వ కమిషనర్ వచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచి పో నది మైదానంలో ఎన్నికైన కౌన్సిళ్లను బెదిరించి రాజీనామా చేయించడం ఫాసిస్టుల ఆనవాయితీగా మారింది. 1922 ఆగస్టులో మిలాన్ నగర కార్యాలయమైన మరీనో భవనాన్ని ఆక్రమించారు. రోమ్ మీదికి ఫాసిస్టు నేత ముస్సోలినీ దండు కదలడానికి చాలా ముందే నగరాల్లో ఎన్నికల పాలన కూలిపోవడం మొదలైంది.

చట్టం తర్వాత వచ్చింది. 1926 ఫిబ్రవరిలో 5,000 లోపు జనాభా ఉన్న కొమూనెల్లో కౌన్సిళ్లనూ మేయర్లనూ రద్దు చేసి, ఐదేళ్లకు ప్రభుత్వం నియమించే పొదెస్తాను పెట్టారు. సెప్టెంబర్‌లో ఈ ఏర్పాటు అన్ని కొమూనెలకూ పాకింది. రోమ్‌కు 1925లోనే ప్రత్యేక గవర్నర్ పాలన వచ్చింది. పాత పేరు తిరిగొచ్చింది గానీ, మధ్యయుగపు పొదెస్తాను పిలిచిందీ లెక్క అడిగిందీ నగరమే; ఈ కొత్త పొదెస్తా జవాబుదారీ రోమ్‌కు మాత్రమే. 1925 నవంబర్‌లో కొన్ని వర్గాల మహిళలకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తూ ఒక చట్టం వచ్చింది. యుద్ధంలో చనిపోయినవారి తల్లులు, భార్యలు, చదువుకున్నవారు, పన్ను కట్టేవారు అందులో ఉన్నారు. ఓటు వేయడానికి ఎన్నికలే మిగలకపోవడంతో ఆ చట్టం కాగితానికే పరిమితమైంది.

1946: మహిళల తొలి ఓటు

మహిళలకు పూర్తి ఓటు హక్కు 1945 ఫిబ్రవరి 1 నాటి శాసనంతో వచ్చింది. పోటీ చేసే హక్కును మరుసటి ఏడాది మార్చిలో స్పష్టం చేశారు. ఇటలీ మహిళలు తొలిసారి ఓటు వేసింది గణతంత్రాన్ని నిర్ణయించిన జూన్ 2న అని చాలామంది అనుకుంటారు. నిజానికి 1946 మార్చి 10 నుంచి ఏప్రిల్ 7 దాకా ఐదు ఆదివారాలు జరిగిన పురపాలక ఎన్నికల్లోనే వాళ్లు క్యూలలో నిలబడ్డారు. ఆ ఏడాది రెండు వేలమందికి పైగా మహిళలు కౌన్సిలర్లయ్యారు. సార్దీనియాలోని బొరుత్తాలో నినెత్తా బర్తోలి, మార్కె ప్రాంతంలోని మస్సా ఫెర్మానాలో అదా నతాలి, కలాబ్రియాలోని త్రొపేయాలో లీదియా తొరాల్దో సెర్రా మేయర్లయిన తొలి మహిళల్లో కొందరు. పెద్ద నగరాలకు ఆ అవకాశం రావడానికి దశాబ్దాలు పట్టింది. రోమ్‌కు తొలి మహిళా మేయర్‌గా వర్జీనియా రజ్జి ఎన్నికైంది 2016లో. ఫ్లోరెన్స్‌లో సారా ఫునారో 2024లో.

1948 రాజ్యాంగం ఐదో అధికరణలో స్థానిక స్వయంపాలనను గుర్తించింది. ఎన్నిక తీరు మాత్రం 1896 నాటిదే: ప్రజలు కౌన్సిల్‌ను, కౌన్సిల్ మేయర్‌ను. ఫాసిజం అనుభవం తర్వాత ఒక్కరి చేతికి బలమైన అధికారం ఇవ్వడానికి ఏ పార్టీ సిద్ధంగా లేదు. పెద్ద నగరాల్లో సీట్లు పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో పంచేవారు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో కమ్యూనిస్టుల నుంచి నగరాలు లాక్కోవడానికి 1951లో ఒక చట్టం చేశారు. పార్టీలు జాబితాలను ఒకదానితో ఒకటి కలుపుకోవచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చిన కూటమికి మూడింట రెండు వంతుల సీట్లు దక్కుతాయి. ఈ ఏర్పాటుతో టురిన్, జెనోవా, ఫ్లోరెన్స్ వామపక్షం చేజారాయి. బొలోన్యా మాత్రం కదల్లేదు. అక్కడ కమ్యూనిస్టు జుసెప్పె దొజ్జా 1945 నుంచి 1966 దాకా మేయర్‌గా ఉన్నాడు. 1956లో పెద్ద నగరాల్లో దామాషా తిరిగొచ్చింది.

ఆ కాలపు మేయర్లలో ఒకరికొకరు పోలిక లేనివాళ్లు కనిపిస్తారు. ఫ్లోరెన్స్‌లో 1951లో గెలిచిన జోర్జో లా పీరా నిష్ఠాపరుడైన కాథలిక్. ఇజొలొత్తో అనే కొత్త నివాసప్రాంతం కట్టించాడు. మూతపడబోయిన పిన్యోనె కర్మాగారం కార్మికుల పక్షాన నిలిచాడు. 1955లో ప్రపంచ రాజధానుల మేయర్లను ఒక్కచోట చేర్చి, ప్రచ్ఛన్న యుద్ధానికి అటూ ఇటూ ఉన్నవాళ్లను మాట్లాడించాడు. నేపుల్స్‌లో 1952లో గెలిచిన అకిల్లె లౌరో ఓడల యజమాని, రాచరికవాది. పోలింగ్‌కు ముందు ఒక చెప్పు, గెలిచాక రెండో చెప్పు పంచాడన్న కథ ఇప్పటికీ ఆయన పేరును అంటిపెట్టుకుని ఉంది. ఆయన హయాంలో విచ్చలవిడిగా కట్టడాలు లేచాయి. 1958లో ప్రభుత్వం ఆ కౌన్సిల్‌ను రద్దు చేసింది. నగర కౌన్సిల్, బిల్డర్ల పొత్తుపై నేపుల్స్ నేపథ్యంలో ఫ్రాంచెస్కో రోసి తీసిన ‘నగరం మీద చేతులు’ చిత్రం 1963లో వెనిస్‌లో స్వర్ణసింహం గెలిచింది. పలెర్మోలో సాల్వో లీమా మేయర్‌గా, వీతో చన్చిమీనో ప్రజాపనుల బాధ్యుడిగా ఉన్న రోజుల్లో నాలుగు వేలకు పైగా నిర్మాణ అనుమతులు జారీ అయ్యాయి. వాటిలో అత్యధికం ఐదుగురి పేర్లకే. మాఫియాతో సంబంధాలపై చన్చిమీనోకు తర్వాత శిక్ష పడింది.

1975లో 18 ఏళ్లకే ఓటు వచ్చింది. ఆ జూన్‌లోనూ మరుసటి ఏడాదిలోనూ జరిగిన ఎన్నికల్లో పెద్ద నగరాలు వరసగా ఎడమవైపు మళ్లాయి. టురిన్‌లో పాత్రికేయుడు దియేగో నొవెల్లి, నేపుల్స్‌లో మౌరీజియో వాలెంజి, రోమ్‌లో కళాచరిత్రకారుడు జూలియో కార్లో ఆర్గాన్ మేయర్లయ్యారు. అయినా అసలు లోపం తీరలేదు. ఓటరు పార్టీకి ఓటేస్తే, మేయర్ ఎవరన్నది ఎన్నిక తర్వాత పార్టీల బేరసారాల్లో తేలేది. పొత్తు చెడితే ఓటర్లతో నిమిత్తం లేకుండానే మేయర్ మారేవాడు.

1993: నేరుగా మేయర్

1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో మారియో కియేజా అనే సోషలిస్టు నాయకుడు లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడు. ఆ తీగ లాగితే పార్టీల డొంకంతా కదిలింది. పాత ప్రభుత్వ పార్టీలు ఏడాది రెండేళ్లలో కుప్పకూలాయి. సిసిలీ ప్రాంతీయ శాసనసభ 1992 ఆగస్టులోనే మేయర్ ప్రత్యక్ష ఎన్నికకు చట్టం చేసింది. జాతీయస్థాయిలో ఎన్నికల సంస్కరణ కోసం మారియో సెన్యి నడిపిన ఉద్యమం ప్రజాభిప్రాయ సేకరణ దాకా వెళ్లింది. దాన్ని తప్పించడానికి పార్లమెంటు 1993 మార్చి 25న 81వ నంబరు చట్టాన్ని ఆమోదించింది.

కొత్త చట్టం ప్రకారం 15,000 లోపు జనాభా ఉన్న చోట ఒకే విడత పోలింగ్. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు మేయర్; వాళ్ల జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లు. అంతకు మించిన నగరాల్లో గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలి. రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండు వారాల తర్వాత రెండో విడత జరుగుతుంది. గెలిచిన మేయర్‌ను బలపరిచిన జాబితాలకు సాధారణంగా 60 శాతం సీట్లు దక్కుతాయి. ఇటలీ కౌన్సిళ్లకు వార్డులు లేవు. నగరమంతా ఒకే నియోజకవర్గం. పెద్ద నగరాల్లో ఓటరు మేయర్‌గా ఒకరిని, కౌన్సిల్‌కు ప్రత్యర్థి జాబితాను ఎంచుకోవచ్చు. జాబితాలోంచి నచ్చిన అభ్యర్థి పేరు కూడా రాయవచ్చు. 2012 నుంచి 5,000 మించిన కొమూనెల్లో ఇద్దరి పేర్లు రాయవచ్చు, కానీ ఒకరు పురుషుడు, ఒకరు మహిళ అయి ఉండాలి. జుంతా సభ్యులను మేయరే నియమిస్తాడు. కౌన్సిల్ అవిశ్వాసం పెట్టి మేయర్‌ను దించవచ్చు గానీ, అప్పుడు కౌన్సిల్ కూడా రద్దయి మళ్లీ ఎన్నికలు వస్తాయి. నిలిస్తే ఇద్దరూ నిలవాలి, పడితే ఇద్దరూ పడాలి. మేయర్‌ను బలపరుస్తూనే కౌన్సిల్‌కు అతన్ని దించే శక్తిని మిగిల్చిన ఏర్పాటు ఇదే.

1993 జూన్‌లోనూ, నవంబర్-డిసెంబర్‌లోనూ జరిగిన తొలి ఎన్నికలు దేశ రాజకీయాలనే మార్చేశాయి. మిలాన్‌లో నార్తర్న్ లీగ్ అభ్యర్థి మార్కో ఫొర్మెంతీని గెలిచాడు. టురిన్‌లో మొదటి విడతలో నొవెల్లి ముందున్నా, రెండో విడతలో ప్రొఫెసర్ వలెంతీనో కస్తెల్లాని నెగ్గాడు. రోమ్‌లో ఫ్రాంచెస్కో రుతెల్లి నవ ఫాసిస్టు పార్టీ నాయకుడు జాన్‌ఫ్రాంకో ఫీనీని ఓడించాడు. నేపుల్స్‌లో ఆంతోనియో బస్సొలీనో చేతిలో ముస్సోలినీ మనవరాలు అలెస్సాంద్రా ఓడింది. వెనిస్‌కు తత్త్వవేత్త మస్సిమో కచ్చారి మేయరయ్యాడు. పలెర్మోలో మాఫియా వ్యతిరేకి లెయొలూకా ఒర్లాందో మొదటి విడతలోనే భారీ మెజారిటీతో గెలిచాడు. రోమ్ రెండో విడతకు ముందు, తనకు అక్కడ ఓటు ఉంటే ఫీనీకే వేస్తానని వ్యాపారి సిల్వియో బెర్లుస్కోని బహిరంగంగా అన్నాడు. రెండు నెలలకే తానే రాజకీయాల్లో దిగాడు.

ప్రత్యక్ష ఎన్నిక తర్వాత

పార్టీలు బలహీనపడిన దేశంలో మేయర్ పదవి జాతీయ నాయకత్వానికి నిచ్చెనగా మారింది. రోమ్ నుంచి రుతెల్లి, వాల్తెర్ వెల్త్రోని ప్రధాని అభ్యర్థులయ్యారు. ఫ్లోరెన్స్ మేయర్ మత్తేయో రెంజి 2014లో పార్లమెంటు సభ్యుడు కాకుండానే ప్రధాని అయ్యాడు. కంచుకోటలూ పగిలాయి. 1999లో బొలోన్యాలో మాంసం వ్యాపారం నుంచి వర్తక సంఘం అధ్యక్షుడిగా ఎదిగిన జోర్జో గువాజ్జలోకా అర్ధ శతాబ్దపు వామపక్ష పాలనకు తెర దించాడు. 2012లో పార్మాలో, 2016లో రోమ్, టురిన్‌లలో ఫైవ్ స్టార్ ఉద్యమం గెలిచింది.

ఒక్కరికి ఎంత అధికారమన్న పాత ప్రశ్న కొత్త రూపాల్లో తిరిగొచ్చింది. మొదట నాలుగేళ్లున్న పదవీకాలాన్ని 1999లో ఐదేళ్లు చేశారు. వరసగా రెండు సార్లకు మించి పోటీ చేయకూడదన్న నియమం మొదటి నుంచీ ఉంది. పోటీకి మనుషులే దొరకని చిన్న పల్లెల కోసం దాన్ని సడలిస్తూ వచ్చి, 2024లో 5,000 లోపు కొమూనెల్లో ఎత్తేశారు. 15,000 దాకా మూడు సార్లు అనుమతించారు. పెద్ద నగరాల్లో రెండు సార్ల హద్దు అలాగే ఉంది. కొన్నిసార్లు ఓటర్లు మేయర్‌ను ఒక వైపు నుంచి, కౌన్సిల్ మెజారిటీని ఇంకో వైపు నుంచి ఎన్నుకుంటారు. మొదటి విడతలో ప్రత్యర్థి జాబితాలు సగం ఓట్లు దాటితే గెలిచిన మేయర్‌కు అదనపు సీట్లు రావు. 2017లో లెచ్చెలో కార్లో సాల్వెమీని పరిస్థితి ఇదే. మెజారిటీ లేక 2019 జనవరిలో రాజీనామా చేసి, అదే ఏడాది మళ్లీ పోటీ చేసి గెలిచాడు. రోమ్‌లో 2015లో ఇగ్నాత్సియో మరీనోను దించింది అవిశ్వాసం కాదు. సగానికి మించిన కౌన్సిలర్లు ఒకేసారి నోటరీ ముందు రాజీనామాలు సమర్పించడంతో కౌన్సిలే కూలిపోయింది.

కేంద్రం చేయి కూడా పూర్తిగా వెనక్కి పోలేదు. 1991 నాటి చట్టం మాఫియా చొరబడిన కౌన్సిల్‌ను రద్దు చేసి, ముగ్గురు కమిషనర్ల పాలన పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కలాబ్రియాలోని తౌరియనోవాతో మొదలై ఇలా రద్దయిన కౌన్సిళ్లు మూడు వందలు దాటాయి. ఎక్కువ భాగం దక్షిణాదివే. 2012లో రెజ్జో కలాబ్రియా నగర కౌన్సిల్ కూడా రద్దయింది. ఈసారి కేంద్రం చెప్పే కారణం నగరం మీద పెత్తనం కాదు, నగరం ఓటును ముఠాల నుంచి కాపాడటం.

ఇప్పుడు పోలింగ్ సాధారణంగా ఆదివారం, సోమవారం బడుల్లో జరుగుతుంది. నీలిరంగు బ్యాలెట్ మీద చెరిగిపోని పెన్సిల్‌తో గుర్తు పెడతారు. ఇటలీలో నివసించే ఇతర యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులు ఓటు వేయవచ్చు, కౌన్సిలర్ కావచ్చు, మేయర్ కాలేరు. విదేశాల్లో ఉంటున్న ఇటలీ పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో పోస్టల్ ఓటు ఉంది గానీ, పురపాలక ఎన్నికలకు సొంత ఊరికి రావాల్సిందే. 2024 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలతో కలిపి సుమారు 3,700 కొమూనెల్లో ఓటింగ్ జరిగింది. పెద్ద నగరాల్లో ఓటర్ల రాక మాత్రం తగ్గుతోంది. 2021 అక్టోబర్‌లో రోమ్, మిలాన్, నేపుల్స్, టురిన్‌లలో మొదటి విడతకు సగం మంది కూడా రాలేదు. రెండో విడతకు ఓటర్లు ఇంకా పలచబడటం మామూలే. అందుకే రెండో విడతను అరుదు చేయాలన్న వాదన బలపడింది. సిసిలీలో 40 శాతం ఓట్లు దాటితే మొదటి విడతలోనే గెలుపు. ఇదే హద్దును దేశమంతటా పెట్టాలని కొందరు అంటుంటే, సగం ఓట్లు కూడా రాని మనిషికి 60 శాతం సీట్లు అప్పగించడం సరికాదని మరికొందరు వాదిస్తున్నారు. మేయర్‌ను నిలిపే హక్కు నగరానిదేనన్నది 1946 తర్వాత వివాదం కాదు. ఎంత మద్దతు ఉన్నవారికి ఎంత అధికారం అన్నదే ఇంకా తేలాల్సిన లెక్క.